మేడగదిలో అత్త చెయ్యి

మా పెదనాన్న ఇంటి మేడగదిలో చీకటి పడ్డాక ఎవరూ ఉండరు. ఉన్నా ఎక్కువ కాలం ఉండరు. ఎందుకని అడిగితే ఆ వీధిలో పాలుతాగే పిల్లాడు తప్ప అందరూ చెబుతారు... అక్కడ చెయ్యి పట్టుకుంటుంది.

ఎవరి చెయ్యి అంటే, మా అత్తది.

అత్త మా నాన్నకీ పెదనాన్నకీ ఒక్కగానొక్క చెల్లెలు. ఆ గదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధి వీధంతటికీ బట్టలు కుట్టేది. ఓ వానాకాలం సాయంత్రం ఇస్త్రీ చేస్తూ చేస్తూ కింద పడిపోయింది. పైకి వెళ్ళి చూసేసరికి అంతా అయిపోయింది. గుండె ఆగిపోయిందన్నారు. అప్పటికి మేం చిన్నపిల్లలం, మమ్మల్ని మెట్లెక్కనివ్వలేదు.

ఆ తర్వాత మొదలైంది.

గది ఖాళీగా ఉంచడం ఎందుకని మా నానమ్మ పట్టుబట్టి అద్దెకిచ్చింది. మొదట ఓ సంగీతం మాస్టారు దిగాడు. కరెంటు గిటారు వాయించేవాడు. కొన్నాళ్ళకి ఓ రాత్రి పెట్టే బేడా సర్దుకుని కిందికి దిగిపోయి, తీగలు ముట్టుకుంటే ఎవరో తన వేళ్ళు పట్టుకుంటున్నారని చెప్పాడు. తను వాయించడం ఆపేసినా స్పీకరులోంచి ఆడమనిషి మూలుగుతున్నట్టు వినిపిస్తోందట... మ్... మ్... అని.

ఆయన తర్వాత ఓ నర్సు వచ్చింది. చావులు చూసి చూసి రాటుదేలిన మనిషి, ఈవిడేం జడుస్తుందిలే అనుకున్నాం. కరెంటు పొయ్యి మీద నీళ్ళు కాచుకుంటూ గిన్నె ముట్టుకుందట — మోచేతి దాకా ఎవరో నిమిరినట్టయిందట. తెల్లారేసరికి గది ఖాళీ.

నేను దెయ్యాల్ని నమ్మను. నమ్మేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కానీ ఆ కథ చెప్పేది మా పెదనాన్న. చుట్టుపక్కల సగం ఇళ్ళకి వైరింగ్ చేసిన మనిషి, 'కరెంటాయన' అంటే అందరికీ తెలుసు. అంత పనిమంతుడు గొంతు తగ్గించి, మెట్లవైపు చూడకుండా, "అది పోలేదురా... ఇంకా అక్కడే ఉంది" అంటుంటే నాలాంటి వాడికి కూడా వీపు మీద ఏదో పాకేది.

ఇప్పుడు నేను చెప్పబోయేది అక్క చెప్పగా మా ఆవిడ విన్నది, మా ఆవిడ చెప్పగా నేను విన్నది. మధ్యలో కొంత కళ్ళారా చూసిందీ ఉంది.

అక్క అంటే పెదనాన్న కూతురు. నానమ్మా, పెద్దమ్మా పోయాక ఆ ఇంట్లో తండ్రీ కూతుళ్ళిద్దరే. అక్క ఇళ్ళకి ప్లాన్లు గీస్తుంది. చాలా ఏళ్ళు ఓ ఆఫీసులో గీసింది. గీసేది అక్క, పేరు పడేది ఆ ఆఫీసు యజమానిది. ఓ రోజు ఆయన అక్కని పక్కనే నిలబెట్టుకుని, అక్క గీసిన మెట్లనే ఎవరికో చూపిస్తూ, ఇది నాకు స్నానం చేస్తుంటే తట్టిందండీ అన్నాడట. అక్క ఆ మధ్యాహ్నమే మానేసి వచ్చేసింది. గుమ్మం దాటుతుంటే ఆయన నవ్వి, నీ కుర్చీ ఖాళీగానే ఉంచుతాలే, ఎలాగూ వస్తావుగా అన్నాడట.

ఆ మాట అక్కకి చేపముల్లులా గొంతులో ఉండిపోయింది.

సొంతంగా మొదటి పని దొరికింది. పిల్లల ఆసుపత్రి ప్లాను, చిన్నదే. నెలాఖరుకల్లా ఇవ్వాలి. అది చేసిస్తే అక్క పేరు నిలబడుతుంది, దాన్ని చూసి ఇంకో పని వస్తుంది. చెయ్యలేకపోతే తల వంచుకుని వెళ్ళి ఆ ఖాళీ కుర్చీలో కూర్చోవాలి.

అలాంటి ప్లాన్లు గియ్యాలంటే మామూలు కంప్యూటర్ చాలదు. ఇక్కడ మా ఆవిడ వస్తుంది.

మా ఆవిడ కంప్యూటర్లు కడుతుంది. తయారుచేస్తుంది అనదు, ఇల్లు కట్టినట్టు 'కడతాను' అనే అంటుంది. విడి భాగాలన్నీ తెచ్చి మా మంచం మీద పరుస్తుంది. మదర్‌బోర్డుకి దుప్పటి ఉంటుంది గానీ నాకుండదు. కుర్చీలో కునుకు తీసిన రాత్రులు ఎన్నున్నాయో చెబితే మీరు నవ్వుతారు. చుట్టాలందరూ ఆవిడని 'స్క్రూ' అంటారు. ఆ పేరు పెట్టింది అక్కే. వదినా మరదళ్ళిద్దరూ ఒక జట్టు, నా మీద చాడీలు చెప్పుకోవడంలో మరీను.

అక్క కంప్యూటర్ మా ఇంట్లోనే కట్టింది. కట్టాక రాత్రీ పగలూ ఆపకుండా నడిపి చూసింది. పిల్లి నిద్రపోతున్నట్టు గుర్రుమంటూ చక్కగా నడిచింది.

ఎక్కడ పెడతావని పెదనాన్న అడిగితే మేడగదిలో అంది అక్క.

ఆయన చేతిలో టీ కప్పు కింద పెట్టేశాడు. పైన వద్దమ్మా అన్నాడు. కింద పెట్టుకోమన్నాడు. కిందేమో ముందు గది నిండా ఆయన వైర్ల చుట్టలూ, స్విచ్చుల డబ్బాలూ, పొద్దస్తమానం వచ్చీపోయే జనం. గీత గియ్యడం కాదు, అక్కడ ఆవలింత కూడా తీరిగ్గా రాదు.

"అత్తంటే నాకు భయం లేదు నాన్నా. నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి నన్నేం చేస్తుంది?"

పెదనాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు.

మొదటిరోజు సాయంత్రం దాకా బాగానే ఉంది. ఆసుపత్రి గోడలు లేచాయి, కిటికీలు పడ్డాయి. బయట మబ్బు కమ్మింది. చీకటి పడింది. వాన చినుకు మొదలైంది. చేసిన పని భద్రం చేసుకుందామని అక్క పెన్‌డ్రైవ్ తీసి, ఒంగి, సీపీయూ పెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చింది—

చురుక్కుమంది.

చీమ కుట్టినట్టు కాదు. ఎవరో వేళ్ళు పట్టుకుని, వద్దన్నట్టుగా నొక్కినట్టు. గభాల్న చెయ్యి లాక్కుంది. అదే క్షణంలో తెర నల్లబడిపోయింది. లోపల ఫ్యాను ఆగింది. గదంతా నిశ్శబ్దం... ఆ నిశ్శబ్దంలో స్పీకర్లలోంచి సన్నగా... మ్... మ్...

అక్క కదలకుండా కూర్చుంది. ఎవరూ మీట నొక్కలేదు. ఫ్యాను దానంతటదే మళ్ళీ తిరగడం మొదలెట్టింది. తెర వెలిగింది. ఆసుపత్రి మాత్రం లేదు.

మర్నాడు మా ఆవిడ సంచీ తగిలించుకుని వెళ్ళింది. ఆవిడ పద్ధతి ఒకటుంది. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే దొంగ ఎవరో తెలియకుండానే దొంగతనం ఆగిపోతుంది, అది ఇంకా ప్రమాదం అంటుంది. ముందు ర్యామ్ పీకి, రబ్బరుతో దాని అంచులు తుడిచి, పక్క గాడిలో పెట్టింది. సాయంత్రానికి మళ్ళీ చచ్చింది. గ్రాఫిక్స్ కార్డు తీసి, మళ్ళీ నొక్కి బిగించింది. చచ్చింది. మా ఇంటి కంప్యూటర్లోంచి పవర్ సప్లై ఊడబెరికి తీసుకెళ్ళి వేసింది. అదీ అంతే. అన్నీ విప్పి అట్టపెట్టె మీద పరిచి నడిపితే శుభ్రంగా నడిచింది. హమ్మయ్య అనుకుని తిరిగి పెట్టెలో బిగించి, మూత వేసి, అక్క ముట్టుకుందో లేదో, కంప్యూటర్ గుడ్లు తేలేసింది.

పెట్టెదే తప్పని పెట్టె మార్చింది. కొత్త పెట్టెలోనూ అదే తంతు.

విసుగొచ్చి మొత్తం మా ఇంటికి మోసుకొచ్చింది. మా ఇంట్లో నిక్షేపంలా నడిచింది. నేను దాని మీద చెయ్యేసి నిమిరాను కూడా. ఏమీ లేదు. తిరిగి మేడగదికి తీసుకెళితే చీకటి పడేసరికి ప్రాణం పోయింది. మా ఇంట్లో బతకడం, అక్కడ చావడం.

ఆ చురుకు సంగతి మా ఆవిడ వదల్లేదు. సీపీయూ పెట్టెకి టెస్టర్ పెట్టి చూస్తే అందులో చిన్న దీపం మిణుకుమిణుకుమంది. పెదనాన్నని పిలిచింది. ఆయన మెట్లెక్కి వచ్చాడు. చివరి మెట్టు మీదే ఆగిపోయాడు. గుమ్మం లోపలికి కాలు పెట్టలేదు. అక్కణ్ణించే చూసి, "కొత్త పెట్టెలింతేనమ్మా. ఇనుము కదా, కాస్త చురుక్కుమంటుంది. చెప్పులేసుకుని పని చేసుకోమను" అన్నాడు.

కరెంటు విషయంలో కరెంటాయన మాటకి ఎదురేముంది? మా ఆవిడ టెస్టర్ జేబులో పెట్టుకుంది.

అక్క ఇంట్లో చెప్పులేసుకునే మనిషి కాదు. మేమెవరమూ కాదు. ఓ పూట వేసుకునేది, ఓ పూట మర్చిపోయేది.

అలా మర్చిపోయిన పూట వాన జోరుగా పడుతోంది. కిటికీలోంచి జల్లు కొడుతోంది. కుర్చీలోంచి లేస్తూ, ఊతంగా ఎడమ చెయ్యి సీపీయూ మీద వేసి, కుడి చేత్తో కిటికీ ఇనపచువ్వ పట్టుకుంది, రెక్క మూద్దామని.

లాగింది.

ఈసారి వేళ్ళు కాదు. మణికట్టు దగ్గర పట్టుకుని, భుజం దాకా, గుండె దాకా... లాగింది. అరవబోతే గొంతు రాలేదు. ఎలా విడిపించుకుందో తెలియదు. నేల మీద కూర్చుని ఉంది. తెర నల్లగా ఉంది. కుడిచెయ్యి దానంతటదే వణుకుతోంది. సరిగ్గా అక్కడే, ఆ కిటికీ పక్కనే, అత్త ఇస్త్రీ బల్ల ఉండేదని అప్పుడు గుర్తొచ్చింది.

"అత్తా..." అంది మెల్లిగా. "నేనే అత్తా..."

కాసేపటికి ఫ్యాను మళ్ళీ తిరగడం మొదలెట్టింది.

కిందికి దిగి వస్తే పెదనాన్న ఆ వణికే చెయ్యి చూశాడు. మంచినీళ్ళ గ్లాసు తనే నోటికి అందించాడు. నేను చెబితే విన్నావు కాదు, అది నిన్ను అక్కడ ఉండనివ్వదు అన్నాడు. ఆ రాత్రంతా అక్క పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడట. ఆ సంగతి దగ్గరికొచ్చేసరికి అక్క మాట మార్చేసేదట.

తెల్లారాక అక్క మామూలు మనిషయింది. దెయ్యం కథ పగలు పూట అతకదు కదా. ఆలోచించడం మొదలెట్టింది. పాత ఆఫీసులో స్నేహితురాలికి ఫోన్ చేసి చెప్పుకుంటే, నీ పని చెడగొట్టాలని ఎవరో గట్టిగానే ఎర్త్ పెట్టారే అందావిడ. ఆ పాత యజమాని గురించి అనుకుంది అక్క. కానీ ఆయన మేడగదిలోకొచ్చి ఎలా పెడతాడు? పెట్టేవాళ్ళంటూ ఉంటే దగ్గరివాళ్ళే అయ్యుండాలి.

అన్నం తింటుండగా ఆ మాటే పెదనాన్నతో అంది. ఆయన కంచంలోకి చూస్తూ, "ఏమోనమ్మా. అందరూ మనవాళ్ళే అనుకుంటాం. పాత సామాను కొత్త డబ్బాల్లో పెట్టి అంటగట్టేవాళ్ళుంటారు. ఆ పిల్ల సీలు తీస్తున్నప్పుడు నువ్వు చూశావా?" అన్నాడట.

అక్క చూడలేదు. చూడాల్సిన అవసరం ఉందని ఆ రోజు దాకా తోచలేదు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. మేడగదిలో ఉన్నది చెయ్యే పట్టుకుంటుంది, ఇది పీక పట్టుకుంటుంది.

అక్క మా ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడి అడిగింది. నేను అక్కడే ఉన్నాను.

"నిజం చెప్పు స్క్రూ. పాతవి వేశావా?"

మా ఆవిడ చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉంది. "నీకలా అనిపించిందా వదినా" అంది, అంతే.

ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు. మా మంచం ఖాళీ అయింది. కాళ్ళు బార్లా చాపుకుని పడుకోవచ్చు, నిద్ర మాత్రం రాదు. పక్కన ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని, అర్ధరాత్రి లేచి కొన్న డబ్బాలన్నీ మళ్ళీ తిరగేసేది. తనేమైనా పొరబాటున పాతది వేసిందేమోనని తన మీద తనకే అనుమానం పట్టుకుంది. అది చూసి నాకు అక్క మీద పట్టరాని కోపం వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ కోపం వెళ్ళాల్సిన గుమ్మం అది కాదు.

నెలాఖరు దగ్గరపడింది. ఆసుపత్రి సగంలో ఆగింది. ఓ సాయంత్రం అక్క మంచి చీర కట్టుకుని పాత ఆఫీసుకి వెళ్ళింది. యజమాని ఆవిణ్ణి బయట బెంచీ మీద చాలాసేపు కూర్చోబెట్టి, లోపలికి పిలిచి, ఏమీ అడక్కుండానే నవ్వాడట. సోమవారం నుంచి వస్తానని చెప్పి బయటికొచ్చింది. దారంతా కళ్ళు తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదట.

ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. వీధి దీపాలు వెలుగుతున్నాయి. పక్కిళ్ళలో దీపాలున్నాయి. తమ ఇల్లొక్కటే నల్లగా ఉంది.

"నాన్నా" అని పిలిచింది. పలకలేదు.

తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ లేదు. లోపల అడుగుపెట్టింది. స్విచ్ నొక్కితే వెలగలేదు. అప్పుడు వినిపించింది, పైనుంచి... గర్... గర్... గోడని గోళ్ళతో గీకుతున్నట్టు. ఆగింది. మళ్ళీ... గర్... గర్...

ఇంకొకరైతే బయటికి పరిగెత్తేవాళ్ళు. అక్క మెట్లెక్కింది. భయం లేక కాదు. ఆ రోజుకి పోగొట్టుకోవాల్సినవన్నీ పోగొట్టుకుని వచ్చింది, ఇంకేం పోతుంది అనుకుందట.

మేడగది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల చీకటి. కిటికీ పక్కన, ఇస్త్రీ బల్ల ఉండే చోట, నేల మీద ఒక ఆకారం ముడుచుకుని కూర్చుని ఉంది. గోడ మీద గుండ్రంగా కొంచెం వెలుతురు. ఆ వెలుతురు పట్టుకున్న చెయ్యి లేదు.

గీకడం ఆగింది. గుసగుస మొదలైంది.

"వస్తుంది... ఇంకొంచెం... ఇదిగో పెడుతున్నానే... రేపు, రేపు అన్నాను కదూ... ఇదిగో..."

అక్క తలుపు పట్టుకుంది. "అత్తా" అంది.

ఆకారం గిరుక్కున తిరిగింది. వెలుతురు కళ్ళలో కొట్టింది. తర్వాత ఆ వెలుతురు కింద పడి దొర్లింది. అది టార్చి. అప్పటిదాకా పళ్ళ మధ్య కరిచిపట్టుకున్న టార్చి.

పెదనాన్న.

మెడలో పచ్చవైరు చుట్ట వేసుకుని ఉన్నాడు. చేతిలో సుత్తీ ఉలీ. మోకాళ్ళ నిండా సున్నం.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

ఆయన లేవలేదు. "ఎర్త్ పెడుతున్నానమ్మా" అన్నాడు.

"ఎవరికి?"

ఆ ప్రశ్న నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదంది అక్క. పెదనాన్న కాసేపు అర్థం కానట్టు చూశాడు.

"గదికి" అన్నాడు.

టార్చి వెలుతురు గోడ మీద పడి ఉంది. స్విచ్‌బోర్డు ఊడి వేలాడుతోంది. ప్లగ్గు పెట్టే చోట పైకి మూడు కన్నాలున్నాయి. వెనక రెండిటికే వైర్లున్నాయి. మూడోది, ఎర్త్‌ది, వట్టి కన్నం. దాని వెనక బూజు తప్ప ఏమీ లేదు.

అక్కకి కరెంటు పని తెలియకపోయినా కరెంటాయన కూతురు. పెట్టెలోకి పొరబాటున కరెంటు దిగితే అది ఎర్త్ వైరు పట్టుకుని భూమిలోకి పోతుందని ఆవిడకి ఓనమాలతో పాటు నేర్పింది ఆయనే. ఆ దారి లేకపోతే పెట్టెలోనే కాచుకుని కూర్చుంటుంది, ఎవరు ముట్టుకుంటారా అని. వేళ్ళు పట్టుకున్నది అదే. సంగీతం మాస్టారి తీగల్లోకి పాకి, స్పీకర్లలో మూలిగింది అదే. వాన సాయంత్రాల తేమకి బలం పుంజుకుని కంప్యూటర్ ప్రాణం తీసింది అదే. ఎవరో ఎర్త్ పెట్టారు, ఎర్త్ పెట్టారు అనుకున్నాం. పెట్టకపోవడమే కొంప ముంచిందని ఎవరికి తోస్తుంది?

మిగతాది పెదనాన్న, మెయిన్ ఆపిన ఆ చీకట్లోనే చెప్పాడు. ఆ గది కట్టినప్పుడు ఎర్త్‌కి వేసే పచ్చవైరు చాల్లేదు. మిగతా పని అయిపోయింది కదా అని బోర్డు బిగించేశాడు. ఎర్త్ రేపు పెడదాంలే అనుకున్నాడు. రేపటికి ఎవరిదో ఇంటి పని వచ్చింది, ఆ మర్నాటికి ఇంకొకరిది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందంటారే, అలాగ. ఈలోగా అత్త ఆ గదిలోకి మారింది.

"ఇస్త్రీపెట్టె చురుక్కుమంటోంది అన్నయ్యా, ఓసారి చూడవా అంది" అన్నాడు పెదనాన్న. "చెప్పులేసుకోవే అన్నాను."

ఆ సాయంత్రం వానకి గది కారి నేలంతా తడి. అత్త కాళ్ళకి చెప్పుల్లేవు. చప్పుడు విని ముందుగా పైకెక్కింది ఆయనే. ఇస్త్రీపెట్టె ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. ప్లగ్గు పీకాడు. చేతిలోంచి దాన్ని విడిపించి, చుట్టూ వైరు చుట్టి, బల్ల కింద పెట్టాడు. ఆ తర్వాతే కేక వేశాడు. గుండె ఆగిపోయిందని మొదట అన్నది ఆయనే.

"మరి చెయ్యి పట్టుకుంటుందని మాకు..."

"ఇంకెవరూ పోకూడదని" అన్నాడు. గదిలోకా, ప్రాణమా, ఏది అన్నాడో తెలియదు. "నా నోటితో నిజం చెప్పలేకపోయాను. ఎవరూ రాకుండా దాన్నే కాపలా పెట్టాను. బోర్డు విప్పితే ఆ కన్నం చూడాలి. ఇన్నాళ్ళూ ఈ గడప దాటలేకపోయాను తల్లీ. ఇవాళ నువ్వు తల వంచుకుని ఆ ఆఫీసుకి వెళ్ళడం చూశాక దాటాను."

అక్క ఆయన్నే చూసింది. వణికిన చెయ్యి చూస్తూ నీళ్ళు తాగించిన మనిషి. పక్కన కూర్చుని జాగారం చేసిన మనిషి. కారణం ఏమిటో ఆ రాత్రంతా నాలిక చివరే పెట్టుకుని కూర్చున్నాడు. మర్నాడు అన్నం ముందు కూర్చుని, కంచంలోకి చూస్తూ, ఏ పాపమూ ఎరగని పిల్ల మీదికి నేరం నెట్టాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నిజమే. పరాయివాడు మోసం చేస్తే కడుపు మండుతుంది. ఈయన చేస్తే ఏం చెయ్యాలో అక్కకి తెలియలేదు.

"ఆ రోజు నేను చచ్చిపోతే ఏం చెప్పేవాడివి నాన్నా?" అంది చివరికి. "నాకూ గుండె ఆగిందనేవాడివా? అత్త తీసుకుపోయిందనేవాడివా?"

పెదనాన్న మెడలోంచి పచ్చవైరు చుట్ట తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

అక్క ఒంగి టార్చి తీసింది. కుర్చీ లాక్కుని కూర్చుని, వెలుతురు ఆ వట్టి కన్నం మీద పడేలా పట్టుకుంది.

"కానివ్వండి" అంది. "పెట్టెయ్యండి."

ఎవరితో అంటోందా అని పెదనాన్న వెనక్కి తిరిగి తలుపువైపు చూశాడట. అక్కడ ఎవరూ లేరు.

పని అయ్యేసరికి చాలా పొద్దుపోయింది. అక్క తిన్నగా మా ఇంటికొచ్చింది. మా ఆవిడ చెయ్యి పట్టుకుని గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. మా ఆవిడ కూడా ఏడ్చింది, కొంత కోపం మిగుల్చుకునే. ఏ ఇంటికి కంప్యూటర్ పట్టుకెళ్ళినా తను మొదట అడిగేది ఎర్త్ ఉందా అనేనట. మీ ఇంట్లో ఒక్కచోటే అడగలేదు వదినా, కరెంటాయన్ని పట్టుకుని ఎర్త్ ఉందా అని ఎలా అడుగుతాను అంది.

ఆ తర్వాత కంప్యూటర్ ఒక్కసారి కూడా చావలేదు. అక్క సోమవారం ఆ ఆఫీసుకి వెళ్ళలేదు. ఆసుపత్రి ప్లాను నెలాఖరుకి అందింది, కింద అక్క పేరుతోనే. ఇప్పుడు మేడగదిలో రాత్రి ఎంతసేపైనా దీపం వెలుగుతూనే ఉంటుంది. చురుక్కుమన్న చెయ్యి లేదు, మూలుగు లేదు.

పెదనాన్నని అక్క చక్కగా చూసుకుంటుంది. వేళకి అన్నం పెడుతుంది, మందులు తెస్తుంది. భోంచేశారా, పడుకుంటారా, గొడుగు తీసుకెళ్ళండి, ఇలాగే మాట్లాడుతుంది. వీధిలోవాళ్ళు విని, ఈ కాలంలో కన్నతండ్రిని ఎంత మర్యాదగా పిలుస్తోందో చూడండి, నేర్చుకోండి అని తమ పిల్లలకి చెబుతున్నారు. మాటలొచ్చిన నాటి నుంచి అక్క నాన్నని 'నువ్వు' అనే అనేది. అలిగినా, ముద్దుచేసినా, అరిచినా నువ్వే.

మొన్న నేను వెళ్ళినప్పుడు పెదనాన్న నన్ను పక్కకి పిలిచాడు. మనిషి బాగా చిక్కిపోయాడు. గొంతు తగ్గించి, పైకి వినపడుతుందేమోనని మెట్లవైపు చూస్తూ అన్నాడు.

"దాన్ని నన్ను ఒక్కసారి తిట్టమనరా. నోటికొచ్చినట్టు తిట్టమను. 'నువ్వు' అని తిట్టమను."

చెప్పి చూస్తానన్నాను. పైకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. అక్క తెర మీంచి కళ్ళు తిప్పకుండా వింది. గీస్తున్న గీత చివరిదాకా గీసింది.

"నేనెందుకు తిడతానురా ఆయన్ని" అంది.